ప్యాకేజీ ఎంత అని కాదు.. మీ ఇంట్లో ఏ బియ్యం అని అడిగి చూడండి!

హైదరాబాద్: శనివారం సాయంత్రం మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి కేఫ్‌లలో ఎదురెదురుగా కూర్చునే జంటల్లో కొందరికి అదే మొదటి పరిచయం. కొందరిని యాప్ కలుపుతుంది. కొందరిని మ్యాట్రిమోనీ ప్రొఫైల్ కలుపుతుంది. ఇంకొందరిని ఇంట్లో పెద్దవాళ్లే "ముందు మీరిద్దరూ బయట ఒకసారి మాట్లాడుకోండి" అని పంపిస్తారు. ఏ కంపెనీ, ఏ ప్రాజెక్టు, ఆఫీసుకు వారంలో ఎన్ని రోజులు, ఆన్‌సైట్ ఛాన్స్ ఉందా.. ఈ మాటలు పావుగంటలో అయిపోతాయి. ఆ తర్వాత ఏం మాట్లాడాలో తెలియక ఇద్దరూ ఫోన్లు చూసుకుంటారు.

నిజానికి మాట్లాడుకోవడానికి కావాల్సింది టేబుల్ మీదే ఉంటుంది. అది ప్లేట్‌లోని అన్నం. ఏ ఊళ్లో పండింది, ఎవరు పండించారు, ఏ మార్కెట్ మీదుగా వచ్చింది, రైతుకు ఎంత దక్కింది అనే కథ ప్రతి ముద్ద వెనకా ఉంటుంది. పంట గురించి, తిండి సరఫరా గురించి కాస్త తెలిసినవాళ్లకు మొదటి పరిచయంలో మాటలకు కరువుండదు. అంతకంటే ముఖ్యంగా నేరుగా అడిగితే ఇబ్బంది పెట్టే మూడు విషయాలు ఈ కబుర్లలో వాటంతటవే బయటికి వస్తాయి. అవి ఇల్లు, డబ్బు, ఎదుటి మనిషి పట్ల గౌరవం.

మొన్నటిదాకా ఇక్కడా పొలాలే

ఐటీ కారిడార్‌లో కూర్చుని వ్యవసాయం మాట్లాడటం కొందరికి వింతగా అనిపించొచ్చు. కానీ సైబరాబాద్ అనే పేరు రాకముందు మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ అన్నీ ఊళ్లే. హైదరాబాద్ చుట్టుపక్కల ద్రాక్ష తోటలు ఉండేవి. 'అనాబ్-ఎ-షాహీ' అనే ద్రాక్ష రకానికి పేరొచ్చింది ఈ నగరం నుంచే.

హైటెక్ సిటీలో సైబర్ టవర్స్‌ను అప్పటి ప్రధాని వాజ్‌పేయి 1998 నవంబర్ 22న ప్రారంభించారు. సుమారు రెండు నెలల తర్వాత, 1999 జనవరి 26న, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రైతు బజార్లు మొదలయ్యాయి. దళారీ లేకుండా రైతే తన కూరగాయలు తెచ్చి అమ్ముకోవాలన్నది రైతు బజార్ ఉద్దేశం. టోకు ధర కంటే సుమారు 25 శాతం ఎక్కువ, బయటి చిల్లర ధర కంటే సుమారు 25 శాతం తక్కువ ఉండేలా రేటు పెట్టడం దాని లెక్క. అంటే ఒకే చలికాలంలో ఈ నగరం సాఫ్ట్‌వేర్‌కు ఒక భవనం, కూరగాయలకు ఒక బజార్ సంపాదించుకుంది. ఆ రెండింటి మధ్యే పెరిగిన తరం ఇప్పుడు కేఫ్‌లో ఎదురెదురుగా కూర్చుంటోంది.

మెడలో ఐడీ కార్డు వేసుకున్నవాళ్లలో చాలామందికి ఊరు ఒక్క తరం దూరమే. నాన్నకో, తాతకో, మేనమామకో పొలంతో లెక్క ఉంటుంది. కొందరు ఆ సంగతి గర్వంగా చెప్పుకుంటారు. కొందరు దాచుకుంటారు. "మా నాన్న బిజినెస్ చేస్తారు" అనే మాట వెనక ఎరువుల దుకాణమో, పాల వ్యాపారమో, రెండెకరాల పత్తి చేనో ఉండొచ్చు. అడిగే పద్ధతిని బట్టే అది బయటికి వస్తుంది.

బస్తా మీది అక్షరాలకు ఊరి పేర్లున్నాయి

మొదలుపెట్టడానికి అన్నిటికంటే తేలికైంది బియ్యం. "మీ ఇంట్లో ఏ బియ్యం వండుతరు?" అనే ప్రశ్నకు జవాబు లేని తెలుగు ఇల్లు ఉండదు. ఒకరు సోనా మసూరి అంటారు, ఒకరు హెచ్ఎంటీ అంటారు, ఒకరు "మా పొలంలో పండినవే బస్తాలు వస్తయి" అంటారు.

వరి రకాల పేర్ల ముందు ఉండే అక్షరాలు చాలామంది పట్టించుకోరు. అవి ఆ విత్తనం పుట్టిన ఊరి ఆనవాళ్లు. బీపీటీ అంటే బాపట్ల. ఎంటీయూ అంటే పశ్చిమ గోదావరి జిల్లా మారుటేరు. జేజీఎల్ అంటే జగిత్యాల. డబ్ల్యూజీఎల్ అంటే వరంగల్. కేఎన్ఎం అంటే పెద్దపల్లి జిల్లా కూనారం. ఆర్ఎన్ఆర్ అంటే గచ్చిబౌలికి అంత దూరమేమీ లేని రాజేంద్రనగర్. ఈ ఊళ్లన్నింటిలో వరి పరిశోధన కేంద్రాలున్నాయి.

బీపీటీ 5204 అంటే మనం సాంబ మసూరి అని పిలుచుకునే రకం. బాపట్లలో తయారై 1986లో రైతుల చేతికి వచ్చింది. సన్నగా, రుచిగా ఉంటుందని దక్షిణాది ఇళ్లలో స్థిరపడిపోయింది. కానీ పంట చేతికి రావడానికి ఐదు నెలల దాకా పడుతుంది. అంతకాలం నీళ్లు కావాలి, తెగుళ్లు కాచుకోవాలి.

ఆ తర్వాత వచ్చిందే ఆర్ఎన్ఆర్ 15048, అంటే తెలంగాణ సోనా. నాలుగు నెలలకే కోతకొస్తుంది. దాని గ్లైసిమిక్ సూచీ సుమారు 51 అని తేలడంతో షుగర్ ఉన్నవాళ్ల ఇళ్లలో దాని పేరు బాగా వినిపిస్తోంది. అయితే అన్నం అన్నమే, గిన్నె నిండా తింటే ఏ బియ్యమైనా ఒకటే అని కూడా చెప్పుకోవాలి. ఈ రకానికి ఇంకో ముచ్చట ఉంది. దాని తల్లి ఎంటీయూ 1010, అంటే మారుటేరు. తండ్రి జేజీఎల్ 3855, అంటే జగిత్యాల. గోదావరి జిల్లా రకానికీ, ఉత్తర తెలంగాణ రకానికీ రాజేంద్రనగర్‌లో కుదిరిన సంబంధం అన్నమాట. ఆంధ్రా అబ్బాయి, తెలంగాణ అమ్మాయి ఎదురెదురుగా కూర్చున్న టేబుల్ మీద ఈ సంగతి చెబితే నవ్వు రాకుండా ఉంటుందా!

గడియారం పేరు పెట్టుకున్న బియ్యం

హెచ్ఎంటీ బియ్యం కథ ఇంకా బాగుంటుంది. అది ఏ యూనివర్సిటీలోనూ పుట్టలేదు. మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో దాదాజీ ఖోబ్రగడే అనే చిన్న రైతు 1980లలో తన పొలంలో మిగతా వాటికంటే వేరుగా కనిపించిన కొన్ని వరి మొక్కలను గమనించారు. వాటి గింజలు విడిగా దాచి, మళ్లీ చల్లి, మళ్లీ ఏరి, ఏళ్ల తరబడి ఓపికగా ఒక కొత్త రకం చేశారు. అప్పట్లో మోజుగా ఉన్న హెచ్ఎంటీ చేతి గడియారం పేరే ఆ ధాన్యానికి పడింది. రకం ఊరూరా పాకింది. ఆయనకు అవార్డులు వచ్చాయి గానీ ఆస్తి రాలేదు. 2018 జూన్‌లో ఆయన చనిపోయారు. ఆయన ఏరి పెట్టిన ధాన్యం పేరు మాత్రం హైదరాబాద్ కిరాణా దుకాణాల్లో బస్తాల మీద ఇప్పటికీ ఉంది.

ఈ కథ విన్నాక ఎదుటివాళ్లు ఏమంటారన్నది గమనించాల్సిన విషయం. "అయ్యో, పాపం" అని ఊరుకుంటారా, "మరి ఆయనకు డబ్బులు ఎందుకు రాలేదు?" అని అడుగుతారా, "అయితే ఏంటి?" అంటారా.. కష్టపడినవాడికి దక్కాల్సింది దక్కకపోతే ఒక మనిషికి ఎలా అనిపిస్తుందో తెలుసుకోవడానికి "మీ విలువలు ఏంటి?" అని ఇంటర్వ్యూ చేయాల్సిన పని లేదు.

బిర్యానీ ప్లేట్ ఎంత దూరం తిరిగొచ్చిందో!

హైదరాబాద్‌లో డేట్ అంటే ఎక్కడో ఒకచోట బిర్యానీ రాక తప్పదు. అది పేరుకు హైదరాబాదీ గానీ, అందులోని బాస్మతి వచ్చేది పంజాబ్, హర్యానా వైపు నుంచి. బాస్మతికి ఉన్న జీఐ గుర్తింపు ఉత్తరాది రాష్ట్రాలదే. పక్కనే వచ్చే మిర్చీ కా సాలన్‌లో మాత్రం మన నేల కనిపిస్తుంది. పల్లీలు నాగర్‌కర్నూల్, వనపర్తి వైపు యాసంగి చేలలో విరివిగా పండుతాయి. నువ్వులు, చింతపండు కూడా మనకు పరాయివి కావు.

పప్పు సంగతి తీసుకుంటే, వికారాబాద్ జిల్లా తాండూరు కందికి 2022లో జీఐ గుర్తింపు వచ్చింది. అక్కడి నల్లరేగడి, సున్నపురాయి నేల వల్ల ఆ పప్పుకు ఆ రుచి అంటారు. అయినా దేశంలో పండే కంది మన తిండికి సరిపోదు. మయన్మార్, మొజాంబిక్, టాంజానియా నుంచి ఓడల్లో కందులు వస్తాయి. గచ్చిబౌలి పీజీ హాస్టల్‌లో రాత్రి వడ్డించిన పప్పు ఆఫ్రికాలో పండినదైనా ఆశ్చర్యం లేదు. వంట నూనె అయితే సగానికి పైగా బయటి దేశాలదే. అందులో ఇండోనేసియా, మలేసియా పామాయిల్‌ది పెద్ద వాటా.

రంజాన్ నెలలో హలీం దగ్గర కలిసే జంటలకూ ఇదే ముచ్చట పనికొస్తుంది. 2010లో జీఐ గుర్తింపు పొందిన హైదరాబాదీ హలీంకు గోధుమే ఆధారం. కానీ గోధుమ తెలంగాణలో పండే ముఖ్యమైన పంట కాదు. మన నేల పంట జొన్న. రొట్టె అనగానే తాతల కాలంలో గుర్తొచ్చింది జొన్నరొట్టే. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక అదే జొన్నరొట్టె రెస్టారెంట్ మెనూలో ఖరీదైన వంటకంగా కూర్చుంది. జొన్న, సజ్జ, కంది, శనగ, పల్లి మీద ప్రపంచానికంతటికీ పనిచేసే ఇక్రిశాట్ 1972 నుంచి పటాన్‌చెరులోనే ఉంది. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ నుంచి ఔటర్ ఎక్కితే ఎంతో సేపు పట్టని దూరం.

టమాటా ధర తెలిసిన మనిషి

"ఇప్పుడు టమాటా కిలో ఎంత?" ఇది చాలా చిన్న ప్రశ్న. కానీ ఇల్లు ఎవరు నడుపుతున్నారో ఇదొక్కటే చెప్పేస్తుంది. ధర టక్కున చెప్పిన అబ్బాయి వారంలో ఒక్కసారైనా సంచి పట్టుకుని బయటికి వెళ్లినవాడు. "తెల్వదు, యాప్‌లో వస్తది" అన్నవాడు చెడ్డవాడేమీ కాదు. కానీ రేపు ఇద్దరూ ఉద్యోగం చేసే ఇంట్లో కూరగాయల లెక్క ఎవరి నెత్తిన పడుతుందో అమ్మాయికి అక్కడే కొంత అర్థమైపోతుంది. అదే ప్రశ్న అమ్మాయిని అడిగినా తప్పు లేదు. కాకపోతే 'వంట వచ్చా, రాదా' అని పరీక్ష పెట్టినట్టు ఉండకూడదు.

ధర వెనక ఉన్న కారణం తెలిస్తే మాట ఇంకాస్త ముందుకు సాగుతుంది. టమాటాకు మరీ ఎండ పడదు. వేడి పెరిగితే పూత రాలిపోతుంది. అందుకే చలికాలంలో హైదరాబాద్ చుట్టుపక్కల చేలనుంచి దండిగా వచ్చే టమాటా, ఎండాకాలం ముదిరాక తగ్గిపోతుంది. అప్పుడు కాస్త ఎత్తులో, చల్లగా ఉండే మదనపల్లె, కర్ణాటకలోని కోలార్ వైపు చూడాల్సిందే. అక్కడ వాన ఎక్కువైనా, తెగులు తగిలినా ఇక్కడ ధర మండిపోతుంది. 2023 జూలైలో కిలో 100 రూపాయలు దాటి ఇంకా పైకి పోయింది. అదే టమాటాకు ధర పడిపోయిన రోజుల్లో కోత కూలి కూడా రాక రైతులు రోడ్డు మీద పారబోసిన సంఘటనలు మనం వార్తల్లో చూస్తూనే ఉన్నాం.

మరి మనం కట్టే రూపాయిలో రైతుకు ఎంత పోతుంది? 2024లో వచ్చిన రిజర్వ్ బ్యాంక్ అధ్యయన పత్రం ప్రకారం టమాటాకు సుమారు 33 పైసలు, ఉల్లిగడ్డకు 36 పైసలు, ఆలుగడ్డకు 37 పైసలు. మిగతాది రవాణా, కమిషన్, కుళ్లిపోయే సరుకు నష్టం, టోకు వ్యాపారి, చిల్లర వ్యాపారి మధ్య పంచుకుపోతుంది. ఇందులో అందరూ దొంగలని కాదు. తెల్లవారుజామున బోయిన్‌పల్లి మార్కెట్‌లో మూటలు మోసే హమాలీ, ఎండలో తోపుడు బండి నెట్టే మనిషి కూడా ఆ రూపాయిలోనే బతకాలి. పది నిమిషాల్లో సరుకు తెచ్చి తలుపు కొట్టే డెలివరీ కుర్రాడూ అంతే. కేఫ్‌లో కూర్చున్నవాళ్లు వెయిటర్‌తో, డెలివరీ కుర్రాడితో ఎలా మాట్లాడతారన్నది ఈ లెక్క తెలిసిన మనిషి తప్పకుండా గమనిస్తాడు.

ఒకే కూర.. ఎన్ని పేర్లో

ఇది సరదా భాగం. హైటెక్ సిటీలో కలిసే ఇద్దరి తెలుగు ఒకటే అయినా కూరగాయల పేర్లు ఒకటి కావు. వరంగల్ అమ్మాయికి పుంటికూర, గుంటూరు అబ్బాయికి గోంగూర, పాతబస్తీ ఇంట్లో అంబాడా. ఒకరికి ఉల్లిగడ్డ, ఇంకొకరికి ఉల్లిపాయ, మరొకరికి ప్యాజ్. ఆలుగడ్డ అన్నవాళ్లకు బంగాళాదుంప పెద్ద మాటగా వినిపిస్తుంది. మక్కలు అంటే మొక్కజొన్న అని, ఎల్లిగడ్డ అంటే వెల్లుల్లి అని కొందరికి వివరించి చెప్పాలి.

పంట కాలాల పేర్లూ అంతే. తెలంగాణలో వానాకాలం, యాసంగి. గోదావరి జిల్లాల్లో సార్వా, దాళ్వా. కాగితాల మీద ఖరీఫ్, రబీ. ఈ చివరి రెండూ అరబీ నుంచి ఉర్దూ మీదుగా మన రెవెన్యూ లెక్కల్లో స్థిరపడ్డ మాటలే. ఖరీఫ్ అంటే శరదృతువు, రబీ అంటే వసంతం. పంట ఇంటికొచ్చే కాలాన్ని బట్టి పెట్టిన పేర్లు. ఇంట్లో ఉర్దూ మాట్లాడే వాళ్లకూ, తెలుగు మాట్లాడే వాళ్లకూ ఈ ఒక్క విషయం మీదే గంటసేపు ముచ్చట నడుస్తుంది. ఎవరి మాట సరైంది అనే వాదనకు దిగనంతవరకు అంతా బాగానే ఉంటుంది.

ఇక్కడ కాస్త జాగ్రత్త

తిండి ముచ్చట తీయనిదే గానీ, అందులోనూ ముళ్లుంటాయి. మొదటిది, "మీకు ఎన్ని ఎకరాలు?" అనే ప్రశ్న. అడిగేవాళ్లకు అది మామూలు మాటే కావచ్చు. వినేవాళ్లకు మాత్రం ఆస్తి తూకం వేస్తున్నట్టు, ఒక్కోసారి కులం ఆరా తీస్తున్నట్టు ఉంటుంది. ఊరి నుంచి వచ్చిన ప్రతి ఒక్కరికీ భూమి ఉండదు. కౌలుకు చేసేవాళ్లుంటారు, కూలికి పోయేవాళ్లుంటారు. "మీ ఊళ్లో ఏం పండిస్తరు?" అని అడిగితే ఎవరికి తోచినంత వాళ్లు చెబుతారు. ఎకరాల లెక్క అడిగితే నోరు మూతపడుతుంది.

రెండోది, ఎవరేం తింటారన్నది. ఒకరు గుడ్డు కూడా ముట్టరు, ఒకరికి మాంసం లేనిదే పండగ కాదు. హలాల్ చూసుకునేవాళ్లుంటారు, శనివారం ఒక్కపొద్దు ఉండేవాళ్లుంటారు. నచ్చకపోతే మనం తినకుండా ఉండొచ్చు గానీ, ఎదుటివాళ్ల ప్లేట్ చూసి ముఖం చిట్లించడం అవమానించడమే. దానికి తర్వాత ఎన్ని సారీలు చెప్పినా సరిపోవు.

మూడోది, లెక్చర్ ఇవ్వడం. తెలిసిన నాలుగు ముక్కలు గుక్క తిప్పుకోకుండా చెబితే అది డేట్ కాదు, క్లాసు. ఒకటి చెప్పి రెండు అడగాలి. ఎదురుగా ఉన్న మనిషి నాట్లేసిన చేతుల మధ్య పెరిగి ఉండొచ్చు. వాళ్లకు వరి గురించి వీడియో చూసి వచ్చినవాడు పాఠం చెబితే ఎలా ఉంటుంది?

నాలుగోది, పల్లె అంటే పచ్చగా, హాయిగా ఉంటుందనే సినిమా ఊహ. 2019లో 'మహర్షి' వచ్చాక వీకెండ్ వ్యవసాయం అనే మాట ఐటీ ఉద్యోగుల నోట బాగా నానింది. 2021లో వచ్చిన 'శ్రీకారం'లో హీరో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి పొలం బాట పడతాడు. మంచిదే. కానీ సెల్ఫీ దిగి సోమవారం ఆఫీసుకు వచ్చేవాళ్ల వ్యవసాయం వేరు. పంట పోతే అప్పు తీర్చాల్సినవాళ్ల వ్యవసాయం వేరు.

అసలు మాట ఇక్కడుంది

ఈ కబుర్లు సాగుతూ సాగుతూ ఒకచోటికి వస్తాయి. "మరి మీ నాన్న ఒక్కరే చూసుకుంటరా పొలం?" అన్న దగ్గర మాట నెమ్మదిస్తుంది. అక్కడే అసలు సంగతులుంటాయి. నెలనెలా ఇంటికి ఎంత పంపాలి, బోరు వేసిన అప్పు ఇంకా ఉందా, చెల్లె పెళ్లి బాధ్యత ఎవరిది, అమ్మానాన్నలు రేపు నగరానికి వస్తారా, ఊళ్లోనే ఉంటారా.. పెళ్లి దాకా వెళ్లే పరిచయంలో ఇవి ఎప్పుడో ఒకప్పుడు తేలాల్సినవే. నిలదీసి అడిగితే బ్యాంకు ఇంటర్వ్యూలా ఉంటుంది. యాసంగి వడ్ల ముచ్చటలో నుంచి వస్తే మనసు విప్పి చెప్పుకున్నట్టు ఉంటుంది.

యాసంగి వడ్లంటే గుర్తొచ్చింది. ఎండలు ముదిరాక కోతకొచ్చే ఆ ధాన్యం మిల్లులో పచ్చి బియ్యంగా ఆడిస్తే ఎక్కువగా విరిగి నూకలవుతుంది. అందుకే ఉప్పుడు బియ్యం చేస్తారు. కానీ తెలంగాణ ఇళ్లలో ఉప్పుడు బియ్యం తినేవాళ్లు తక్కువ. 2021లో కేంద్రానికీ రాష్ట్రానికీ మధ్య అంత పెద్ద గొడవ నడిచింది దీని మీదే. ఆ రోజుల్లో కల్లాల్లో వడ్లు పోసి కాపలా పడుకున్న తండ్రి ఉన్న ఇంట్లోనుంచి వచ్చిన మనిషికి అది రాజకీయ వార్త కాదు, ఇంటి సంగతి.

సర్కారు పథకాల సంగతీ అంతే. 2018లో మొదలైన రైతుబంధు పట్టా ఉన్నవాళ్లకే అందింది. కౌలు రైతుకు రాలేదు. అదే ఏడాది వచ్చిన రైతు బీమాలో పట్టాదారు చనిపోతే కుటుంబానికి 5 లక్షలు వస్తాయి. 2025 జనవరి 26న మొదలైన రైతు భరోసా ఎకరాకు ఏడాదికి 12 వేలు. భూమి లేని కూలీ కుటుంబాలకు ఇందిరమ్మ ఆత్మీయ భరోసా అని వేరే పథకం పెట్టారు. ఈ తేడాలు తెలిసినవాళ్లు "రైతులకేం, అన్నీ ఫ్రీయే కదా" అని తేలిగ్గా అనరు. ఎదురుగా కూర్చున్న కౌలు రైతు బిడ్డ మనసు గాయపడదు.

ఆడవాళ్ల మాట కూడా ఇక్కడే చెప్పుకోవాలి. నాట్లు వేసేది, కలుపు తీసేది, పత్తి ఏరేది ఎక్కువగా ఆడవాళ్లే. పాసుపుస్తకం మీద మాత్రం చాలా ఇళ్లలో మగవాళ్ల పేరే ఉంటుంది. "మీ అమ్మ ఏం చేస్తరు?" అంటే "ఏం చెయ్యదు, ఇంట్లనే ఉంటది" అనే జవాబు తరచూ వినిపిస్తుంది. పొద్దున నాలుగింటికి లేచి పాలు పిండి, వంట చేసి, చేనుకు పోయే అమ్మ కూడా ఆ జవాబులో 'ఏం చెయ్యనిది' అయిపోతుంది. అమ్మ పనిని పనిగా చూసే మనిషి రేపు భార్య పనిని కూడా పనిగానే చూస్తాడు. ఒక అమ్మాయి మొదటి పరిచయంలో తెలుసుకోవాల్సిన విషయాల్లో ఇదొకటి.

ఇంకో నిజం ఉంది. ఊళ్లో ఉండి వ్యవసాయం చేసుకునే అబ్బాయికి పిల్లనివ్వడానికి ఇప్పుడు రైతు కుటుంబాలే వెనకాడుతున్నాయి. తాము పడ్డ కష్టం బిడ్డ పడకూడదని "సాఫ్ట్‌వేర్ అల్లుడే కావాలె" అంటారు. తండ్రిగా ఆ భయం అర్థం చేసుకోదగ్గదే. కానీ రైతు పండించింది అందరికీ కావాలి, రైతు మాత్రం అల్లుడిగా వద్దు అనే లెక్క ఊళ్లోని యువకులను ఎంత కుంగదీస్తుందో ఆలోచించాలి. కేఫ్‌లో కూర్చున్న ఇద్దరిలో ఒకరి అన్నో, తమ్ముడో ఆ బాధలోనే ఉండి ఉండొచ్చు. 'రైతు' అనే మాట ఎదుటివాళ్ల నోట ఏ స్వరంతో వస్తుందో చెవులు రిక్కించి వినేది అందుకే.

కేఫ్ ఒక్కటే దిక్కు కాదు

రెండోసారి కలవాలనుకుంటే మాల్‌కే వెళ్లాలని లేదు. కూకట్‌పల్లి, ఎర్రగడ్డ, మెహదీపట్నం రైతు బజార్లు ఐటీ కారిడార్‌కు దగ్గరే. ఆదివారం పొద్దున్నే వెళితే నలుగురి మధ్య, వెలుతురులో, పెద్ద ఖర్చు లేకుండా గంటసేపు తిరగొచ్చు. కొత్త పరిచయంలో అమ్మాయిలకు భద్రత పరంగానూ అది మంచిదే. రేటు బోర్డు చదవండి. అమ్మే మనిషిని ఏ ఊరు అని పలకరించండి. చేవెళ్ల, శంకర్‌పల్లి, మొయినాబాద్ వైపు నుంచి వచ్చినవాళ్లు కనిపిస్తారు. 200 రూపాయల కాఫీకి మారు మాట్లాడకుండా బిల్లు కట్టి, కొత్తిమీర కట్ట దగ్గర 5 రూపాయలకు బేరమాడే మనిషెవరో కూడా అక్కడే తెలిసిపోతుంది.

పొద్దున్నే లేచే ఓపిక ఉన్నవాళ్లకు బోయిన్‌పల్లి మార్కెట్ ఉంది. అక్కడ మిగిలిపోయిన కూరగాయల చెత్త నుంచి బయోగ్యాస్, కరెంటు తయారు చేసే ప్లాంట్ గురించి ప్రధాని మోదీ 2021 జనవరిలో 'మన్ కీ బాత్'లో ప్రస్తావించారు. రోజుకు సుమారు 10 టన్నుల చెత్త నుంచి 500 యూనిట్ల కరెంటు వస్తుందని చెప్పారు. ఆ సాంకేతికత తార్నాకలోని ఐఐసీటీది. పారేసే టమాటాతో మార్కెట్‌లో దీపాలు వెలుగుతాయని చెబితే ఇంజినీర్లకు ఇంతకంటే మంచి ముచ్చట ఏముంటుంది!

ఇవన్నీ బట్టీ పట్టుకుని వెళ్లాల్సిన పాయింట్లు కావు. ఒకటి రెండు తెలిసినా చాలు, మిగతావి ఎదుటివాళ్లను అడిగి తెలుసుకోవచ్చు. ప్యాకేజీ అంకె చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. ఆ జీతం ఏ ఇంటికి పోతుంది, ఆ ఇంట్లో ఎవరు వండుతారు, ఆ బియ్యం ఎవరి చెమటతో వచ్చింది అన్నది చెప్పుకోవడానికి మాత్రం కాస్త సమయం పడుతుంది. ఆ సమయం ఇవ్వడానికి ఇద్దరూ సిద్ధంగా ఉన్నారంటే రెండో కాఫీ చెప్పుకోవచ్చు.